బిల్లు లేని పాత చీర

పెద్దాపురంలో ఒక చీర పాతబడడానికి ఒకప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు. కొన్నాళ్లు పెళ్లిళ్లకి కట్టేవారు, తరవాత బజారుకి కట్టేవారు, ఆ తరవాత అది వంటింట్లోకి చేరేది. అంచు పీచులు తేలి, చెంగులోంచి అవతలి మనిషి కనపడే రోజు వచ్చాక మడత పెట్టి నూకరత్నం దగ్గరికి పంపేవారు. నూకరత్నం, ఆవిడ సంఘంలోని ఆడవాళ్లూ అలాంటి చీరల్ని పొరలు పొరలుగా పరిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి బొంతలు చేసేవారు. బొంత చిరిగితే కాళ్లు తుడుచుకునే పట్టా, అదీ చిరిగితే మసిగుడ్డ. ఇంత పద్ధతిగా జరిగిపోతున్న పనికి పేరంటూ ఒకటి లేదనీ, పేరు లేని పని ఏ లెక్కలోకీ రాదనీ వాళ్లెవరికీ తెలియదు.

సంఘం నడిచేది మూతపడ్డ బియ్యం మిల్లు వసారాలో. సంఘానికి ప్రెసిడెంటు నూకరత్నం. చేతిలో పని ఉంది, నోట్లో మాట ఉంది, ఊళ్లో పేరుంది. లేనిదల్లా శాలువా. పెద్దాపురంలో మిగతా సంఘాల ప్రెసిడెంట్లందరికీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు స్టేజీ మీద శాలువా కప్పారు. ఊరగాయల సంఘం ఆవిడకి రెండు పడ్డాయి. ఆవిడ వాటిని మాసినా మాయకపోయినా ఉతికి, వీధి వైపు దండెం మీదే ఆరేసేది. ఆ దారిన వెళ్లాల్సి వస్తే నూకరత్నం పక్క సందులోంచి తిరిగి వెళ్లేది.

శాలువా సంగతి మనసులోనే ఉంచుకున్నా, రెండో కోరిక మాత్రం అందరికీ చెప్పేది. కూతురు శిరీష కడుపుతో ఉంది. తొలి కాన్పు. పసిబిడ్డ ఒంటికి కొత్త బట్ట గరుకు, అందుకని పెద్దాపురం ఇళ్లల్లో మొదటి బొంత పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరతోనే కుట్టాలి. నూకరత్నం తల్లి పోతూ పోతూ వదిలి వెళ్లిన ఉప్పాడ చీర ఒకటుంది. గచ్చకాయ రంగు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దాన్ని కర్పూరం బిళ్లలతో ట్రంకుపెట్టెలో దాచింది. "మా అమ్మ నా కూతుర్ని ఎత్తుకుంది గానీ దాని బిడ్డని ఎత్తుకోలేదు. ఈ చీరైనా ఎత్తుకోవాల గదా," అనేది.

ఇలా ఉండగా మెయిన్ రోడ్డు మీద మందారమాల వస్త్ర మహల్ వెలిసింది. అద్దాల లిఫ్టు, ప్రతి అంతస్తులో ఏసీ, గుమ్మంలో పన్నీరు చల్లే అమ్మాయిలు. అది తెరిచిన కొన్నాళ్లకి ఆ కంపెనీలో వర్తుల భాగస్వామ్యాల అధిపతి అనే ఉద్యోగం చేసే ఫణీంద్ర, మిల్లు వసారాకి వచ్చాడు. ముప్పై దాటిన కుర్రాడే, కానీ మాట్లాడితే మైకు ముందు నిలబడ్డట్టు ఉండేది.

"అమ్మా, ఈ లోకం ఇంతవరకూ సరళరేఖలో ప్రయాణించింది. కొనుట, వాడుట, పారవేయుట. ఇకపై అది వర్తులంలో ప్రయాణించవలసి ఉన్నది."

లోవమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ తలెత్తింది. సంఘంలో అందరికన్నా పెద్దది, నూకరత్నానికి పిన్ని వరస. "మేం ఏదీ పారెయ్యం బాబూ," అంది.

"సరిగ్గా అదే నేను మనవి చేసేది. మీరు అప్రకటిత వర్తులంలో ఉన్నారు. దానిని ప్రకటిత వర్తులంగా మార్చుటయే మా భాగస్వామ్య లక్ష్యం. మీది సామాజిక సంస్థ, మాది వ్యాపార సంస్థ. మీ వద్ద సూది ఉన్నది. మా వద్ద దార్శనికత ఉన్నది."

ఇంతలో ఆయన ఫోను మోగింది. అవతల భార్య. డాక్టరు దగ్గరికి రమ్మంటోందని వసారాలో అందరికీ వినపడింది. "ఇప్పుడు వర్తులంలో ఉన్నాను, తరవాత చేస్తాను," అని పెట్టేశాడు.

"మీ ఇంటావిడకి ఎన్నో నెల బాబూ?" అని అడిగింది లోవమ్మ.

"అది ప్రస్తుత కార్యక్రమ సూచికలో లేదమ్మా," అన్నాడు ఫణీంద్ర, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన వెళ్లాక లోవమ్మ నూకరత్నాన్ని నిలదీసింది. "ఇప్పుడు మనం ఏం చెయ్యాలంటాడే?"

"ఇన్నాళ్లూ చేసిందే పిన్నీ."

"మరి ఆళ్లేం చేత్తారు?"

"దానికి పేరెడతారు."

"పేరుకి మనమేం ఇవ్వాలి?"

ఆ ప్రశ్న నూకరత్నం చెవికెక్కలేదు. ఒప్పందం మీద సంతకాలు టౌన్ హాల్లో, స్టేజీ మీద, అని చెప్పి వెళ్లాడు ఫణీంద్ర. స్టేజీ అంటే శాలువా. నూకరత్నం అప్పటికే మనసులో తన ఇంటి దండెం వీధి వైపు మార్చేసింది.

టౌన్ హాల్లో ఉపన్యాసాలు జరిగాయి. వర్తులం గురించి మాట్లాడిన వాళ్లందరూ చూపుడు వేలితో గాలిలో ఒక సున్నా చుట్టారు. శాలువా పడింది. మెడ మీద గొంగళి పురుగు పాకినట్టు దురద పుట్టింది, అయినా ఫొటో అయ్యే దాకా కదలలేదు. ఒప్పందంలో ఏముందని లోవమ్మ అడిగితే, మిల్లు వసారా కంపెనీ బాగు చేయిస్తుందనీ, ఇకమీదట దాని పేరు వర్తుల కేంద్రమనీ, అద్దె కంపెనీయే కట్టుకుంటుందనీ చెప్పింది. అద్దె ఎవరు కడితే చోటు వాళ్లదవుతుందన్న ముక్క ఆవిడకప్పుడు తట్టలేదు. మరునాడు శాలువా ఉతికి ఆరేసింది.

మొదటి ఘట్టం పాత చీరల మేళా. పాత చీర ఇచ్చిన వాళ్లకి కొత్త చీర సగం ధరకి. పెద్దాపురం ఆడవాళ్లు ట్రంకుపెట్టెలు బోర్లించేశారు. అత్తగారి చీరలు, ముత్తవ్వల చీరలు, వంటింట్లో మసిగుడ్డ కాబోతున్నవి, అప్పటికే అయినవి, అన్నీ చంకన పెట్టుకుని మందారమాలకి నడిచారు. వచ్చేటప్పుడు తళతళలాడే పాలిస్టరు చీరలతో వచ్చారు. వర్తుల కేంద్రంలో చీరలు గుట్టలు పడ్డాయి, సంఘం ఆడవాళ్లు చేతులు నొప్పి పుట్టేలా కుట్టారు, కుట్టినవి కుట్టినట్టే కంపెనీ లారీ ఎక్కాయి. ఊరంతా నూకరత్నాన్ని నెత్తిన పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఊళ్లో ఒక్క పాత చీర మిగల్లేదు.

చిక్కు అక్కడ మొదలైంది. ఎన్ని కొత్త చీరలు అమ్మితే అన్ని పాత చీరలు వెనక్కి రావాలి, లేకపోతే వర్తులం పూర్తి అయినట్టు కాదని కంపెనీ ప్రధాన కార్యాలయం నియమం పెట్టుకుంది. మేళా ధర్మమా అని కొత్త చీరలు విపరీతంగా అమ్ముడుపోయాయి. పాతవేమో అయిపోయాయి. ఫణీంద్ర సమీక్షా సమావేశం పెట్టాడు.

"మన ప్రధాన సమస్య వ్యర్థ పదార్థముల తీవ్ర కొరత," అన్నాడు. "జిల్లాలోని మహిళలు చీరలను మితిమీరిన జాగ్రత్తతో వాడుతున్నారు. ఇది వర్తుల వ్యతిరేక ధోరణి."

"కొన్న చీర పాతబడ్డానికి కొన్నేళ్లు పడుద్దండి," అంది నూకరత్నం.

"త్రైమాసికం ముగింపు నెలాఖరుకే ఉన్నదమ్మా."

దానికి తోడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎవరు ఉత్పత్తి చేసిన వస్తువుకి వాళ్లదే బాధ్యత కాబట్టి, మందారమాలలో బిల్లుతో కొన్న చీర తిరిగి వస్తేనే అది వర్తులం. మిగతావి ఎన్ని వచ్చినా ఉత్త గుడ్డలు. అంటే పాత చీర అని చెప్పుకోవాలంటే ఇకపై రెండు కావాలి. ఒకటి బిల్లు, రెండోది నియమబద్ధంగా వాడినట్టు వాడుక ముద్ర. మేళాలో వచ్చిన ముత్తవ్వల చీరల్లో కుట్టకుండా మిగిలిన వాటికి రెండూ లేవు. అవి పాతవని ఎక్కడా రుజువు లేదు కనుక వాటిని లారీకెక్కించి ఎక్కడికో పంపేశారు.

రుజువున్న పాత చీరలు ఎక్కణ్ణించి వస్తాయన్న ప్రశ్నకి ఫణీంద్ర ఒక పరిష్కారం కనిపెట్టాడు. దానికి వేగవంతపు వాడుక విభాగం అని పేరు పెట్టాడు. బొంతలు కుట్టే ఆడవాళ్ల చేతుల్లోంచి సూదులు తీసేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. షోరూం నుంచి వ్యానులో కొత్త చీరలు నేరుగా కేంద్రానికి వచ్చేవి. సంఘం సభ్యులు పొద్దుటే వచ్చి వాటిని కట్టుకుని పాతబరచాలి. మధ్యాహ్నానికి ఒకటి అయితే సాయంత్రానికి ఇంకొకటి.

పర్యవేక్షణకి భద్రం అని ఒకతను వచ్చాడు. పాపం మంచివాడే. ఏసీ పడక ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. అతని దగ్గర ఒక చీరని గృహిణి ఏయే విధాలుగా వాడుతుందో ప్రధాన కార్యాలయం పరిశోధించి రాసిన నియమావళి ఉండేది. దాని ప్రకారం చీర కట్టుకుని కూర్చుని లేవాలి, లేచి కూర్చోవాలి. పొయ్యి లేకుండా వంట చెయ్యాలి. చెంగుతో వేడి గిన్నె దించాలి, గిన్నె చల్లదైనా సరే. కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపి వాకిలి ఊడవాలి. వాకిలికి గ్రానైటు వేసేశారు కాబట్టి దుమ్ము బయటనుంచి తెప్పించారు.

"చెంగుతో కన్నీరు తుడుచుకొనవలెను," అని చదివాడు భద్రం. "ఎవరైనా ఏడవాలండి."

"ఎందుకేడవాలి?" అంది లోవమ్మ.

"కారణం రాయలేదండి."

"ఈ పని చేత్తన్నందుకు ఏడుత్తాలే," అని లోవమ్మ ఆ ఒక్క అంశమూ తన వంతుకి తీసుకుంది. నిజంగానే ఏడ్చేది కూడా. నలభయ్యేళ్లు కుట్టిన చేతులు ఒళ్లో ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

అసలు ఇబ్బంది తరవాతి అంశంతో వచ్చింది. చెంగుతో పసివాని ముక్కు తుడవవలెను. అది లేనిదే ముద్ర వెయ్యకూడదు. అయితే బాలకార్మిక చట్టం దృష్ట్యా కేంద్రంలోకి పిల్లల్ని రానివ్వరాదని గోడ మీదే రాసి ఉంది. భద్రం ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాడు. వాళ్లు న్యాయ విభాగాన్ని సంప్రదించి, ముక్కు ముఖ్యం గానీ వయసు ముఖ్యం కాదని జవాబిచ్చారు. ఆ పూట నుంచి ప్రతి చీరా వరసలో భద్రం ముందుకొచ్చేది. అతను కళ్లు మూసుకుని ముఖం ముందుకి చాపేవాడు, ఆడవాళ్లు తుడిచేవారు, అతను ముద్ర కొట్టేవాడు. పాలిస్టరు గీసుకుని వారం తిరిగేసరికి అతని ముక్కు దొండపండులా అయింది.

నూకరత్నం ఇదంతా చూస్తూనే ఉంది. లోపల ఏదో గీరుతూనే ఉంది. కానీ జీతాలు వేళకి వస్తున్నాయి, పేపర్లో ఫొటో పడుతోంది, ఊరగాయల సంఘం ఆవిడ ఈ మధ్య తానే పక్క సందులోంచి తిరిగి వెళుతోంది. "మన చేతుల మీంచే పోతంది గదా, కొన్నాళ్లు చూద్దాం పిన్నీ," అని సర్దిచెప్పేది.

"చేతుల మీంచి కాదే, ఒళ్ల మీంచి పోతంది," అనేది లోవమ్మ.

ముద్ర పడిన చీరలతో బొంతలు కుట్టడం మాత్రం ఎక్కడో ఊరి బయట యంత్రాల మీద జరిగేది. వాటిని వర్తుల శిశు బొంతలని పేరు పెట్టి, జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకీ కంపెనీ తరఫున ఉచితంగా పంచడం మొదలుపెట్టారు.

శిరీషకి నెలలు నిండాయి. నూకరత్నం ట్రంకుపెట్టె తెరిచి తల్లి చీర తీసింది. ఇంట్లో పరిచే చోటు లేక, మధ్యాహ్నం విరామంలో కుట్టుకుందామని కేంద్రానికి పట్టుకెళ్లింది. ఖర్మ చాలక అదే రోజున హైదరాబాదు నుంచి మదింపు అధికారిణి సుహాసిని తనిఖీకి దిగింది. చాలా మర్యాదస్తురాలు, ఎవరినీ కసురుకునేది కాదు. ఆవిడ చాప మీదున్న గచ్చకాయ రంగు చీరని రెండు వేళ్లతో ఎత్తింది.

"ఇది ఏ కోవలోనిది?"

"మా అమ్మ చీరండి. పాతది. మా అమ్మాయికి పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టుకుందామని..."

"బిల్లు ఉన్నదా?"

"మా అమ్మ ఉప్పాడలో మగ్గం కాడ కొనుక్కుందండి. బిల్లెక్కడుంటది?"

"వాడుక ముద్ర?"

"ముద్రేంటండి, చూడండి, ఎలా నీరుగారిపోయిందో. మా అమ్మ పోయేదాకా కట్టింది."

"మీ అమ్మగారు మా వద్ద నమోదైన వాడుకదారులా?"

సుహాసిని జాలిగా చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. "చూడండమ్మా, ఈ ప్రాంగణంలో ఉన్న చీర పాతదైనా కావాలి, కొత్తదైనా కావాలి. మూడో కోవ లేదు. వాడినట్టు ముద్ర లేదు. కాబట్టి ఇది వాడలేదు. వాడనిది కొత్తది. ఒప్పందం ప్రకారం కేంద్రంలోని కొత్త సరుకంతా కంపెనీది. భద్రంగారూ, దీనిని షోరూముకి పంపండి."

"అమ్మా, అది నా తల్లి చీర," అంది నూకరత్నం.

"మీ భావోద్వేగాన్ని సూచనల విభాగంలో నమోదు చేస్తాను," అంది సుహాసిని. నమోదు చేసింది కూడా.

నూకరత్నం ఫణీంద్ర దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముఖం ఒక్క క్షణం మామూలు మనిషి ముఖంలా అయింది, మళ్లీ సర్దుకుంది. "ఒక్క చీర విషయంలో మినహాయింపు ఇస్తే వర్తులం కోడిగుడ్డు ఆకారంలోకి జారుతుందమ్మా," అన్నాడు.

రెండో రోజు శిరీష ప్రసవించింది. ఆడపిల్ల. ఆసుపత్రి మంచం పక్కనే కంపెనీ కానుకగా వర్తుల శిశు బొంత, దాని మీద ఒక గుండ్రటి బొమ్మ. వేరే దిక్కులేక అందులోనే పడుకోబెట్టారు. తెల్లారేసరికి పిల్ల ఒళ్లంతా కందిపోయి ఎర్రగా దద్దుర్లు తేలాయి. గుక్కపట్టి ఏడుస్తోంది. పక్క మంచం మీది పిల్లాడిదీ అదే ఏడుపు, ఆ పక్కదీ అంతే. చంటిపిల్లల్ని మెత్తటి పాత నూలు బట్టలో పడుకోబెట్టమని నర్సమ్మ చెప్పింది.

పాత నూలు బట్ట కోసం నూకరత్నం పెద్దాపురమంతా తిరిగింది. బొంతల సంఘం ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడి ఒక పాత చీర ఉంటే ఇవ్వమని అడుగుతుంటే ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "నువ్వే గదా రత్నమ్మా మేళాలో అన్నీ పట్టుకుపోయావు," అన్నారు. ఎవరింట్లో చూసినా దండేల మీద పాలిస్టరు తళతళలాడుతోంది. ఊరగాయల సంఘం ఆవిడ కూడా తన దగ్గర రెండు శాలువాలు తప్ప పాతది ఏదీ లేదని చెప్పి, వాటినే ఇవ్వబోయింది. అది గరుకని నూకరత్నానికి తెలుసు. ఆవిడ మంచితనానికి ఏడుపొచ్చింది, తన తెలివితక్కువతనానికి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. ఊరి పిల్లలందరికీ పక్క కుట్టిన మనిషికి సొంత మనవరాలి కింద పరచడానికి మూరెడు గుడ్డ లేదు. ఆ గుడ్డని తానే సంతకం పెట్టి పంపేసింది.

ఆ వారంలోనే మందారమాల షోరూంలో ఉత్తమ భాగస్వామి పురస్కార సభ జరిగింది. పురస్కారం నూకరత్నానికే. శాలువాతో పాటు ఒక పట్టుచీర కూడా ముందే పంపించి, అది కట్టుకుని రమ్మన్నారు. వెళ్లనని కూర్చుంది. లోవమ్మ వచ్చి, "ఎల్లు. నీ చీర ఆ కొట్లోనే గదా ఉంది," అంది.

వెళ్లింది. అద్దాల గుమ్మం దాటగానే ఎదురుగా ఎత్తయిన పీట మీద తెల్లటి బొమ్మ, ఆ బొమ్మ ఒంటి మీద గచ్చకాయ రంగు చీర. చెంగు చిరుగుల మీద చిన్న దీపం వేలాడదీశారు. పక్కన చీటీ. కొత్త రాక, ఒక్కటే చీర. దాని కింద ఇంకో మాట ఉంది. నియమబద్ధమైన పాత చీర ఇచ్చి మార్చుకునే వారికి మాత్రమే.

స్టేజీ మీదికి పిలిచారు. ఈ భాగస్వామ్యం మీ జీవితాన్ని ఎలా మార్చిందో చెప్పండని మైకు చేతికిచ్చారు. నూకరత్నం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఒకప్పుడు పాత చీరలు తెచ్చుకుని కొత్త బొంతలు కుట్టేవాళ్లమండి. ఇప్పుడు కొత్త చీరలు తెచ్చుకుని పాతవి చేత్తన్నాం. సూదులు బీరువాలో ఉన్నాయి. ఊళ్లో పాత గుడ్డ లేదు. పిల్లలు ఏడుత్తన్నారు. నా మనవరాలు కూడా ఏడుత్తంది."

చప్పట్లు మారుమోగాయి. సుహాసిని కళ్లు చెమర్చి, ఎంత నిజాయితీగల ప్రసంగమో అని పక్కవారితో అంది. శాలువా పడింది. నూకరత్నం దాన్ని అక్కడే కుర్చీ మీద వేసి, మెట్లు దిగి తిన్నగా కౌంటరు దగ్గరికి నడిచింది. ఆ పూటకి చీరల మార్పిడి చూడ్డానికి వచ్చిన భద్రం అక్కడ ముద్ర పట్టుకుని కూర్చున్నాడు.

"భద్రంగారూ, ఈ పట్టుచీర మీ కంపెనీదే. బిల్లు మీ దగ్గరే ఉంది. కూర్చున్నాను, లేచాను, ఏడిచాను. ఇంకేం మిగిలింది?"

భద్రం ఆవిడ ముఖంలోకి చూశాడు. కళ్లు మూసుకుని ఎర్రటి ముక్కు ముందుకి చాపాడు. నూకరత్నం పురస్కారపు పట్టుచెంగుతో మెత్తగా, తల్లి తుడిచినట్టు తుడిచింది. అతను ముద్ర కొట్టాడు. ఆ సాయంత్రం తళతళలాడుతూ ఉన్న పట్టుచీర ఆ క్షణం నుంచి పాతదైంది.

బొమ్మ మీది చీర విప్పి ఇచ్చారు. నూకరత్నం బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి, పట్టుచీర విప్పేసి తల్లి చీర కట్టుకుని బయటికొచ్చింది. అక్కడక్కడా చిరుగుల్లోంచి జాకెట్టు కనపడుతోంది. ఒంటికి చల్లగా, తెలిసిన చెయ్యి వేసినట్టుగా ఉంది. ఫణీంద్ర మైకు అందుకుని, రాష్ట్రంలోనే తొలిసారిగా ఒక సంపూర్ణ వర్తులం మన కళ్ల ముందు ముగిసిందని ప్రకటించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆ కొత్త రకం ఇంకా ఉన్నాయా అని కౌంటర్లో అడిగారు. నూకరత్నం ఆగలేదు. మెయిన్ రోడ్డు మీద ఆ చిరుగుల చీరతోనే తలెత్తుకుని ఇంటికి నడిచింది.

ఆ రాత్రికే లోవమ్మ వచ్చి సూది పట్టింది. మర్నాడు పిల్ల ఆ బొంతలో ముడుచుకుని ఏడుపు మాని పడుకుంది. నాలుగు రోజుల్లో దద్దుర్లు తగ్గిపోయాయి. నూకరత్నం ప్రెసిడెంటుగిరీ వదిలేసింది. ఒప్పందం సంఘంతో కాబట్టి మిల్లు వసారా, బీరువా, బీరువాలో సూదులు కంపెనీకే ఉండిపోయాయి. సంఘంలో సగం మంది జీతం వదులుకోలేక ఇంకా అక్కడ చీరలు కట్టి విప్పుతూనే ఉన్నారు. వాళ్లనీ తప్పు పట్టడానికి లేదు. మిగిలినవాళ్లు నూకరత్నం ఇంటి అరుగు మీద చేరారు. పని తక్కువ. పాత చీరలు ఊళ్లోకి మళ్లీ రావాలంటే ఏళ్లు పడుతుంది కదా.

ఒకరోజు మధ్యాహ్నం ఆ అరుగు ముందు ఫణీంద్ర వచ్చి ఆగాడు. కారు దూరంగా సందు మొదట్లో వదిలేసి నడిచి వచ్చాడు. చంకలో కాగితం సంచి. ఆయన భార్యకి మగపిల్లాడు పుట్టాడని అప్పటికే అందరికీ తెలుసు. కంపెనీ తరఫున వర్తుల శిశు బొంత అందించిన ఫొటో కూడా పేపర్లో వచ్చింది.

"పిల్లాడికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేశాయమ్మా," అన్నాడు. గొంతులో మైకు లేదు. "మూడు రోజుల్నించి నిద్రలేదు." సంచిలోంచి ఒక చీర తీశాడు. చిలకపచ్చ రంగు వెలిసి వెలిసి లేత ఆకులా అయిపోయిన నూలు చీర. "మా ఊళ్లో, ఇంట్లో బీరువా వెనకాల ఎక్కడో పడుంటే మా నాన్నకి దొరికింది."

నూకరత్నం చీర ముట్టుకోలేదు. "బిల్లుందాండి?"

ఫణీంద్ర తల దించుకున్నాడు. "లేదు."

"ముద్ర?"

"లేదమ్మా."

"అయితే కొత్తదే గదండి. కొత్త బట్ట పసోడి ఒంటికి పడదు. కొన్నాళ్లు వాడి తీసుకురండి."

ఫణీంద్ర చీర గుండెకి ఆనించుకున్నాడు.

"ఇది పాతదమ్మా," అన్నాడు చివరికి, అందరికీ వినపడేలా. "మా అమ్మది. నేను పుట్టకముందు నించీ కట్టింది. పోయే ముందు ఆసుపత్రిలో కూడా ఇదే. నాకు తెలుసు. ఇది పాతది."

లోవమ్మ జరిగి చాప పరిచింది. ఫణీంద్ర కళ్లు తుడుచుకోవడానికి జేబులో రుమాలు వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. నూకరత్నం చీర మడత విప్పి, చెంగు కొస ఆయన చేతికందించింది.

"తుడుచుకోండి. ముక్కు కూడా తుడుచుకోండి బాబూ, చిన్నప్పుడు మీకు తుడిచిన చెంగే గదా," అంది. "ముద్ర మాత్రం మేం వెయ్యం."